ఇంటిని మోసుకొనిపోవు బాటసారి



ఇల్లు విడిచి పోవువానిని బాటసారి యందుము. ఇంటినే వెంట తీసికొనిపోవువానిని ఏమనవలెను? అతడు చేరిన ఊరికి అతిథి యగునా, కాడా? ఈ మాసము ఈ ప్రశ్నను మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాను.

ఇంగ్లండు, జర్మనీ, హాలండు దేశములలో శీతకాలము కఠినమైనది. డిసెంబరులో లండను పట్టణమున సాయంత్రము నాలుగు గంటలు కాకమునుపే ప్రొద్దు గ్రుంకును. అందుచేత పని చాలించిన వృద్ధ దంపతులు అనేకులు క్యాంపర్ వ్యాను అను బండి నెక్కి, ఫ్రాన్సు దేశము దాటి, స్పెయిను దక్షిణ తీరమునకు వచ్చి చలి నెలలు గడపుదురు. ఆ బండి మన మినీ బస్సు వంటిది. దానిలో మంచము, పొయ్యి, నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి, పైకప్పు మీద ఎండతో కరెంటు పుట్టించు పలకలు, సమస్తమును ఉండును. మాలగ పట్టణమున జనవరిలో పగటి వేడిమి సుమారు 17 డిగ్రీలు. సంక్రాంతి దినములలో మనకు తెల్లవారుజామున అంత చలి పెట్టినచో మంట చుట్టు చేరుదుము. వారికి అదియే ఎండ! ఇంగ్లండు యూరోపు కూటమిని విడిచినందున, 2021 నుండి ఆ దేశస్థులు ప్రతి 180 దినములలో 90 దినములకు మించి అక్కడ నుండరాదు. కావున ఇప్పుడు దినములు లెక్కించుకొని మరీ ఎండ కాగుచున్నారు.

ఇది పాపమా? కాదనియే నా అభిప్రాయము. ముసలి ఎముకలకు వెచ్చదనము కోరుట దోషము కాదు. పెండ్లికో, చావుకో, కన్వెన్షనుకో తప్ప ఊరు కదలుట సోమరితనమని మనలో కొందరు పెద్దలు తలంతురు. ప్రభువు తానే అలసిన శిష్యులను ఏకాంతముగా వచ్చి కొంచెము అలసట తీర్చుకొనుడని పిలిచెను గదా (మార్కు 6:31).

అయితే ఆ దేశపు నియమమొకటి నన్ను ఆలోచింపజేసినది. సాధారణముగా అక్కడ బండిని సక్రమమైన చోట నిలుపుకొని లోపల నిద్రించుట తప్పు కాదు. కాని ఒక కుర్చీ బయట వేసినను, ఎండకు గుడ్డ పందిరి చాచినను అది గుడారము వేసినట్లగును. అనుమతి లేని చోట జరిమానా చెల్లింపవలెను. అనగా గడప లోపల ఉన్నంతవరకు నీవు దారిన పోవువాడవు, కుర్చీ నేలను తాకెనా, ఆ ఊరితో నీకు సంబంధము పుట్టినది. తీరమును పాడు కానీయకుండుటకు చేసిన కట్టుబాటు అది, మంచిదే. కాని మనుష్యుల నడుమ కథ మాత్రము ఆ కుర్చీ బయట వేసినప్పుడే మొదలగును.

ఆ తీరముననే అల్మెరియా యను సీమలో ప్లాస్టిక్ కప్పుల క్రింద విస్తారమైన కూరగాయల తోటలున్నవి. మొరాకో మొదలగు ఆఫ్రికా దేశములనుండి వచ్చిన కూలీలు ఆ తోటలలో టొమాటోలు కోయుచు, వారిలో అనేకులు చెక్కముక్కలతోను పాత ప్లాస్టిక్‌తోను కట్టుకొన్న గుడిసెలలో చలికాలము వెళ్లబుచ్చుదురు. ఎండ ఒక్కటే, తీరము ఒక్కటే. ఒకరు ఇల్లు కలిగియు దానిని మోసుకొని వచ్చిరి, ఒకరు ఇల్లు లేక వచ్చిరి. రాజోలు, అమలాపురము ప్రాంతములలో మనకు ఈ రెండవ విధము బాగుగా తెలియును. కువైటులో పరుల ఇంట ఏండ్ల తరబడి వంట చేసి, ఆ ఇంట తనకని కూర్చుండు చోటు లేని తల్లులు మన సంఘములలో ఎందరు లేరు!

పరిశుద్ధ గ్రంథములో చలికాలమును గూర్చి మాటిమాటికి ఆలోచించిన ప్రయాణికుడు పౌలు. కొరింథీయుల యొద్ద శీతకాలము గడపవచ్చునేమో యని వ్రాసెను (1 కొరింథీ. 16:6). నికొపొలిలో గడప నిశ్చయించుకొంటినని తీతుకు వ్రాసెను. ఆయన స్పెయినుకును పోగోరెను! రోమా సంఘమువారిని చూచి, వారిచేత సాగనంపబడి అక్కడికి వెళ్లవలెనని ఆయన ఆశ (రోమా 15:24). ఆయన వృత్తి డేరాలు కుట్టుట. తన గుడారము తానే కుట్టుకొని భుజమున వేసికొని పోగలవాడు. అయినను కొరింథులో అకుల ప్రిస్కిల్లల ఇంట, ఫిలిప్పీలో లూదియ ఇంట దిగెను. ఓడ పగిలి మెలితే ద్వీపమున పడినప్పుడు, వానలో చలిలో వణకుచున్నవారికి ఆ ద్వీపవాసులు నిప్పు రాజబెట్టిరి. పౌలు పుల్లలు ఏరి వేసెను గాని మంట వారిదే. చలికాలము మూడు నెలలు అక్కడనే గడచెను.

ఇందుకు మీరు అడ్డు చెప్పవచ్చును: ఎవరికిని భారముగా ఉండకూడదని రాత్రింబగళ్లు కష్టపడినవాడు ఆ పౌలే గదా? నిజమే. కాని భారమగుట వేరు, అవసరముతో వచ్చుట వేరు. భారమైనవాడు మన బియ్యము తరుగజేయును. అవసరముతో వచ్చినవాడు మన యొద్ద ఇయ్యదగినది ఒకటి కలదని మనకు తెలియజేయును. బీదవానికి ఈ తెలివి చాల విలువైనది.

మన గోదావరి సీమకును పడవమీద ఇల్లు క్రొత్త కాదు. 1836లో ఇంగ్లండునుండి బౌడెన్, బీర్ అను మిషనరీలు భార్యలతో వచ్చి కొలది కాలమునకు నరసాపురమున పని ప్రారంభించిరి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తి చేసిన తరువాత కాలువలు సాగి, మిషనరీలు చల్లని నెలలలో పడవలోనే కాపురముండి లాకు తరువాత లాకు దాటుచు పల్లెలు తిరిగిరి. దొరలందరును మన పూర్వుల ఇండ్లలో కూర్చుండి భుజించిరని నేను చెప్పను. గోడలు వారికిని ఉండెను. కాని పడవ కట్టిన చోట గట్టు ఎక్కక వారికి గతి లేదు. పాలు ఊరివి, కట్టెలు ఊరివి, వినువారును ఊరివారే.

ఇప్పుడు దిండి యొద్ద వసిష్ఠ పాయలో హౌస్ బోట్లు తిరుగుచున్నవి. చల్లని గదులు, లోపలనే వంట. చలి నెలలలో హైదరాబాదునుండి జనులు వత్తురు. కొబ్బరి తోటలను ఫోటో తీసికొని, ఆత్రేయపురము పూతరేకులు కొనుక్కొని పోవుదురు. దానివలన మనవారు కొందరికి పని దొరకుచున్నది, నేను సణుగుట లేదు. నన్ను కలవరపరచినది వేరొకటి.

మా సంఘములో ఒక పెద్దాయన గలడు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగి. గత క్రిస్మసుకు కుటుంబముతో వచ్చి హోటలులో బస చేసెను. ఆరాధనకు వచ్చి, తండ్రి ఇంట భోజనము చేసి, చీకటి పడక మునుపే వెళ్లెను. మనుమరాలికి తాత గ్లాసుతో నీళ్లు అందియ్యబోగా కోడలు సంచిలోనుండి సీసా తీసెను. పెద్దాయన నాతో ఇట్లనెను: "ఆయ్, ఆళ్ల తప్పేం లేదండి పాస్టరుగారూ. కానండి, మా సిన్నప్పుడు మన పేటలో నీళ్లు ముట్టనోళ్లు ఎలా సూసేవోరో, ఆ సీసా సూడగానే అదే గుర్తొచ్చిందండి."

కోడలిని నిందింపకుడి. రొయ్యల చెరువులవలన మన తీరగ్రామములలో అనేక బావులు ఉప్పనైనవి. ఆ పెద్దాయనయే రోజూ ఇరవై లీటర్ల టిన్ను కొనుచున్నాడు. గ్లాసులోనివి ఆ టిన్ను నీళ్లే! అయినను గాయము గాయమే. ఎవరి చేతి నీళ్లు ఎవరు త్రాగుదురనుట మన పేటలకు దాహముతో ముగిసిన విషయము కాదు.

సమరయ బావి యొద్ద ప్రభువు చేదుకొనుటకు ఏమియు లేక కూర్చుండి, ఎవరి పాత్రను తనవారు ముట్టరో ఆ స్త్రీనే దాహమడిగెను. బోధ తరువాత వచ్చినది, మొదట అడుగుట. ఆయన సీసా తెచ్చుకొనియున్నచో ఆ సంభాషణ ఎక్కడనుండి మొదలయ్యెడిది?

అందుచేత ఆ కుమారునితో ఫోనులో ఒక మాట చెప్పితిని. "ఈసారి వచ్చినప్పుడు నాయనను ఏదో ఒకటి అడుగు. నీళ్లు వద్దనిపించినచో బొండము దింపించుమని అడుగు. సీసాకంటె గట్టి మూత దేవుడే దానికి పెట్టియున్నాడు." అతడు నవ్వి, తన కష్టమును చెప్పెను. చిన్నబిడ్డతో పెరటి చివర తడికల స్నానాలగదికి రాత్రివేళ పోవుట భార్యకు భయమట. అదియు న్యాయమే. షూనేము స్త్రీ ఎలీషాను భోజనమునకు బలవంతము చేయుటతో ఆగలేదు. గోడమీద చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము అమర్చెను (2 రాజులు 4:10). అతిథి ఎందుకు రాడో కనిపెట్టుట ఇంటివాని పని.

పెద్దాయనకు ఈ సంగతి చెప్పితిని. కొంతసేపు మాటలాడలేదు. కొబ్బరి దింపు డబ్బు రాగానే వంటింటిని ఆనుకొని రెండు గోడలు లేపించెను. పంపు బిగించిరి, రేకు వేసిరి. తలుపు ఇంకను రావలసియున్నది.