ఉపవాసమున బలాత్కారము గలదా?

1861లో రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ అహమ్మదాబాదున మొదటి బట్టల మిల్లు నడిపించిననాటినుండి ఆ ప్రాచీననగరము కోటగోడలు దాటి పెరిగి, పొగగొట్టముల యూరయి, పల్లెలు విడిచివచ్చిన వేలాది జనమును ఇరుకుగదులలో క్రుక్కుకొని, మిల్లుకూతకు లేచి మిల్లుకూతకు మరలు జీవితమును వారికి నేర్పెను.

1917లో ప్లేగు ప్రబలినపుడు పనివారు పారిపోకుండుటకై యిచ్చిన ప్రత్యేకభృతిని మరుసటి యేడు యజమానులు రద్దుచేయగా వివాదము పుట్టెను. నేతపనివారు నూటికి 50 వంతులు పెంచుమనిరి. యజమానులు 20 చాలుననిరి. గాంధీజీ 35 న్యాయమని తేల్చి, అంతకు తగ్గి పనిలోనికి పోమని పనివారిచే ప్రతిజ్ఞ చేయించెను. యజమానుల పక్షమున అంబాలాల్ సారాభాయియు, పనివారి పక్షమున ఆయన అక్క అనసూయాబెన్నును నిలిచిరి. మిల్లులు మూతపడియుండగా, గాంధీజీ ఆశ్రమమున నేతశాల పునాది నింపుటకు సాబర్మతి యిసుకను తట్టలతో మోయు పనివారి బారునకు ముందు ఆమెయే తట్ట నెత్తిన బెట్టుకొని నడచెను. అయినను, మోటారులో వచ్చి కడుపునిండ తినువారికి మా యాతన యేమి తెలియునని కొందరు నిష్ఠురమాడిరి. ఆ మాట చెవిని బడిన పిమ్మట, మార్చి 15న, పరిష్కారము కుదురువరకు తానును అన్నము ముట్టనని గాంధీజీ సభలో ప్రకటించెను. మూడు దినములలో రాజీ కుదిరెను. తుదకు మధ్యవర్తి తీర్పునను 35 వంతులే నిలిచెను.

ఈ యుపవాసము తపస్సా, ఒత్తిడియా? మిత్రులగు యజమానులు తనమీది ప్రీతిచే లొంగిరి గావున నందు దోషము గలదని గాంధీజీయే ఆత్మకథలో నంగీకరించెను. కాని ఆకలి ఆ నగరమునకు క్రొత్తది గాదు. మిల్లు తలుపులు మూసినవారు ప్రయోగించినదియు ఆకలియే. అది వేలమంది కడుపులలో నున్నంతకాలము వ్యాపారధర్మముగా చెల్లుచుండెను, ఒక్క మహాత్ముని కడుపున జొచ్చిన పిమ్మటనే బలాత్కారముగా దోచెను. పరుని మాడ్చుట వేరు, తన్ను తాను మాడ్చుకొనుట వేరు అని చెప్పి తప్పించుకొనవచ్చును గాని, స్నేహపాశము బిగించి గెలిచిన గెలుపు ఎదుటివాని వివేకమును మేల్కొలుపుటకు మారుగా వాని నోరు మూయించియుండవచ్చును గదా! కావున దోషము దోషమే. అయినను మచ్చలేని కార్యము దొరకువరకు వేచియుండువాడు పేదవాని పక్షమున నెన్నడును కదలజాలడు; కదలియు తన చేతి మచ్చను మచ్చ యనలేనివాడు కొంతకాలమునకు తానును ఒక యజమానియే యగును.