దడిగానా, చెట్టుగానా?

పెంచడంలో తుంచడం కూడా ఉంటుందని మొక్కలు పెంచేవాళ్లందరికీ తెలుసు. పిల్లల్ని పెంచేవాళ్లకే ఆ మాట ఒప్పుకోవడం కాస్త కష్టం. మన గోరింట దడినే చూడండి. అప్పుడప్పుడూ కత్తెర పడితేనే అది దడి. వదిలేశామా, తనిష్టం వచ్చినట్టు ఎదిగి, "ఇది దడి కాదమ్మా, అడివి" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ల చేతా అనిపించుకుంటుంది.

ఇంగ్లండులో ఈ పని చేసే చెట్టొకటుంది. ఫీల్డ్ మేపుల్ అంటారు. మేపుల్ జాతిలో బ్రిటన్ సొంత గడ్డ మీద పుట్టింది ఇదొక్కటే. తక్కినవన్నీ బయటినించి వచ్చి స్థిరపడ్డవి. ఆకు చూస్తే చంటిపిల్ల అయిదు వేళ్లూ చాపినట్టుంటుంది. కాడ తుంచితే మన జిల్లేడుకి మల్లే పాలు వస్తాయి. గింజకి రెండు రెక్కలు, తక్కెడ కాడలా అడ్డంగా చాచుకుని ఉంటాయి. చలి ముదిరే ముందు చెట్టంతా పసుపు రాసుకున్నట్టయిపోతుంది. లండన్‌కి గంట ప్రయాణం దూరంలో కాపరం ఉంటున్న మా చెల్లెలి పెరట్లో ఇవి ఉన్నాయి. రెండేళ్ల కిందట నవంబరు నెలంతా కాఫీ గ్లాసు పట్టుకుని నేను వాటినే చూస్తూ కూర్చున్నాను.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ పసుపు రంగు కాదు. పెరటి చివర నడుమెత్తు దడి ఉంది. మూలన మేడని మించిన చెట్టొకటి ఉంది. రెండూ ఫీల్డ్ మేపుళ్లే! ఒకే జాతి, ఒకే మన్ను, ఒకే వాన. ఏటా కత్తిరిస్తే నడుమెత్తున ఆగిపోతుంది. వదిలేస్తే 20 మీటర్ల దాకా పోతుంది. 350 ఏళ్ల దాకా బతకగలదంటారు. తనలో అంత చెట్టు దాగుందని దడికి తెలుసా? తెలిసినా ఎవరితో చెప్పుకుంటుంది?

ఇలా అన్నానని వెంటనే స్వేచ్ఛ, స్వాతంత్ర్యం అంటూ జెండా ఎత్తేస్తాననుకోకండి. దడి బతుకు తక్కువ బతుకేం కాదు. కత్తెర పడ్డకొద్దీ చిక్కగా అల్లుకుంటుంది. ఇంటికి మరుగు, గాలికి అడ్డు, పక్షులకి ఆసరా. గూడు కట్టుకుంటున్న పక్షి గూటిని కావాలని పాడుచేయడం నేరమని 1981లో అక్కడ చట్టం చేశారు. అంచేత వసంతకాలంలో దడి జోలికి పోవడానికి జంకుతారు. మన అమ్మమ్మలు చాలామంది దడులే. వాళ్ల చాటున ఎన్ని గూళ్లు నిలబడ్డాయో! అయితే, దడిగా ఉండటం ఇష్టమేనా అని వాళ్లని ఎవరైనా అడిగారా?

ఆ నెలలోనే మా చెల్లెలు కొత్తగా ఒక మేపుల్ మొక్క నాటింది. పక్కన ఊతకర్ర పాతింది. మనమైతే కర్రని మొక్క తలదాకా నిలిపి మూడుచోట్ల కడతాం. అక్కడి పద్ధతి వేరు. మొక్క ఎత్తులో మూడోవంతు దగ్గర ఒక్క కట్టు కడతారు. పైభాగం గాలికి ఊగాలి. ఊగితేనే మాను లావెక్కుతుంది, వేళ్లు గట్టిపడతాయి. ఒకటి రెండేళ్లకి కర్ర తీసేస్తారు. తీయడం మరిచిపోతే ఆదుకున్న కట్టే బెరడులోకి కోసుకుపోతుంది.

ఇదంతా నాకు విడమరచి చెప్పింది మా చెల్లెలే. ఆ వారంలోనే కూతురు స్కాట్లండు వెళ్లి చదువుకుంటానంటే, "ఇంటి నించి వెళ్లొచ్చే కాలేజీలే లేవా?" అని రెండు రోజులు ముభావంగా తిరిగిందీ మా చెల్లెలే!

"నువ్వైనా చెప్పు పెద్దమ్మా" అంది పిల్ల.

"నువ్వే చెప్పక్కా, అంత చలిలో ఒక్కర్తీ ఎలా ఉంటుంది?" అంది తల్లి.

తల్లి భయం అబద్ధం కాదు. ఊతం లేని లేతమొక్క పెద్దగాలికి వేళ్లతో సహా ఒరిగిపోగలదు. పిల్ల ఆరాటమూ అబద్ధం కాదు. నేను తీర్పు చెప్పలేదు. చెల్లెలు ఒక్కతీ ఉన్నప్పుడు మాత్రం అడిగాను. "ఈ కట్టు మొక్క కోసమా, నీకోసమా?"

చాలాసేపటికి, "రెండూనే" అంది.

ఆ జవాబు నాకు నచ్చింది. ఎండుకొమ్మనీ, ఒకదాన్నొకటి ఒరుసుకునే కొమ్మల్నీ కోయడం చెట్టు కోసం. కిటికీకి వెలుతురు అడ్డొస్తోందని కోయడం మనకోసం. రెండోది పాపమని నేననను. ఒకే పెరట్లో బతికేవాళ్లకి కాస్త సర్దుబాటు తప్పదు. కాని మనకోసం కోస్తూ "నీ మంచికోసమే" అనడం ఉందే, అక్కడే అన్యాయం మొదలవుతుంది. మనసులో ఉన్నది ఉన్నట్టు చెబితే పిల్లలు ఆలోచిస్తారు. త్యాగం పేరు పెట్టి చెబితే తలొంచుతారు, లేదా తలుపేసుకుంటారు. కోయక తప్పని కోతకి కూడా ఒక వేళ ఉంటుంది. మేపుల్‌ని ఆకు రాలి నిద్రలో ఉండగా, చలికాలం తొలిరోజుల్లో కత్తిరించాలి. వసంతం దగ్గరపడ్డాక కోస్తే గాయంలోంచి రసం కారుతూనే ఉంటుంది. కోపంలో ఉన్న పిల్లకి నీతి చెప్పడం కూడా అలాంటిదే.

ఆ మరుసటి సెప్టెంబరులో పిల్ల వెళ్లింది. వారానికి రెండు ఫోన్లు చేయాలని తల్లీకూతుళ్ల మధ్య ఒప్పందం. అంటే మూడోవంతు ఎత్తులో ఒక్క కట్టన్నమాట. ఆ కట్టు విప్పే వేళ మొక్క చెప్పదు. మాను కాస్త లావెక్కిందా అని మనమే చేత్తో తడిమి చూసుకోవాలి. మరి మీ పెరట్లో ఉన్న మొక్కని ఈమధ్య ఎప్పుడైనా తడిమి చూశారా?