ఈసారి తగ్గింది

కడియం నర్సరీల్లో మొక్కలు కొనేటప్పుడు వినిపించగల మాటే ఇది: "బతక్కపోతే చెప్పండి, ఇంకోటి ఇస్తాను." మొక్క చచ్చిందని ఒప్పుకోవడం ఇక్కడ పరువు తక్కువ కాదు.

కానీ ఇదే గోదావరి గడ్డ నుంచి వెళ్లిన రామలింగరాజుకు ఆ ఒప్పుకోలు అంత తేలిక కాలేదు. 2009 జనవరి 7న ఆయన తాను స్థాపించిన సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం కంప్యూటర్స్ బోర్డుకు ఉత్తరం రాశారు. ఖాతాల్లో చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవన్నారు. బోర్డు సభ్యులకు తెలియదన్నారు, క్షమాపణ కోరారు. కొన్నేళ్లుగా పెరుగుతూ వచ్చిన తేడా అది. మన దగ్గర గెలిచినవాడు ఊరికి దేవుడు, రాష్ట్రానికి గర్వకారణం. ఆ పీఠం మీద కూర్చున్నవాడికి "నష్టం వచ్చింది" అనే మాట గొంతు దాటదు. ఉత్తరం బయటపడేసరికి ఎన్నికలు దగ్గరపడ్డాయి. నిన్నటిదాకా పక్కన నిలబడి ఫొటోలు దిగిన పార్టీలు "మీవాడంటే మీవాడ"ని దెప్పుకున్నాయి. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలుకు వెళ్లారు.

ఒప్పుకోలు ఇంకోచోట ఎలా ఉంటుందంటే, జపాన్‌లో 1997 నవంబరులో షేర్ల బ్రోకరేజీ సంస్థ యమయిచి సెక్యూరిటీస్ మూతపడినప్పుడు, అధ్యక్షుడు నొజావా విలేకరుల ముందే ఏడ్చేశారు. తప్పు యాజమాన్యానిదే, ఉద్యోగులది కాదని వేడుకున్నారు. తలవంచడం అక్కడి మర్యాద. అయినా అక్కడ కూడా నష్టాలను ఏళ్లపాటు దాచారు. కన్నీళ్లు వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

సత్యంలో వేలమంది మన పిల్లలు పనిచేశారు. ఆ ఏళ్లలో ఏ ఒక్క మూడు నెలల లెక్కలోనైనా "ఈసారి తగ్గింది" అని ఉంటే, వాళ్లకు ఆ జనవరి ఉదయం వచ్చేది కాదు.