'నా జీవిత లక్ష్యం' అని రాయాల్సి వచ్చినప్పుడు

ప్రతి ఎండాకాలం మా దగ్గరికి పిల్లలు దరఖాస్తులు పట్టుకుని వస్తారు. మేము భద్రాచలం ఏజెన్సీలో చదువు చెప్పుకుంటూ, అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు రాసుకుంటూ ఉండే కొద్దిమందిమి. కుల ధ్రువీకరణ పత్రం ఎక్కడ జతచేయాలో, ఆదాయ పత్రం పాతదైతే ఏం చేయాలో చూపిస్తాం. అన్నీ అయ్యాక చివర్లో ఒక ఖాళీ గడి మిగులుతుంది. మీ విలువలేమిటో, మీ జీవిత లక్ష్యాలేమిటో 300 పదాల్లో రాయమని అందులో అడుగుతారు. పిల్లలంతా ఆగిపోయేది అక్కడే.

ఈ మధ్య వచ్చిన ఒక అమ్మాయి మాత్రం ఆగలేదు. డిగ్రీ పూర్తి చేసి పై చదువుకు దరఖాస్తు పెడుతోంది. ఆ గడిని రెండు నిమిషాల్లో నింపి మా ముందు పెట్టింది. కష్టపడి చదివి, ఉన్నత స్థాయికి చేరి, వెనుకబడిన తన జాతికి సేవ చేయడమే తన ధ్యేయమని రాసింది.

"ఇది నిజమేనా అమ్మా?" అని అడిగాం.

"కాదు సార్. అట్టా రాస్తేనే సీటిస్తారంట. మా సీనియర్లందరూ అట్టానే రాశారు."

"మరి నిజం ఏంటి?"

కాసేపు తల వంచుకుని కూర్చుంది. "నాకు లెక్కలంటే ఇష్టం సార్. ఇంకేం అనుకోలేదు" అంది.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. లెక్కలంటే ఇష్టమని చెప్పడానికి ఆ పిల్ల సిగ్గుపడింది. జాతికి సేవ చేస్తానని అబద్ధం రాయడానికి సిగ్గుపడలేదు. తప్పు ఆమెది కాదు. ఆ గడి ముందు కూర్చున్న ఆదివాసీ పిల్లల నుంచి లోకం ఏం వినాలనుకుంటుందో ఆమెకు ముందే తెలుసు. పట్నంలో డాక్టరు గారి అబ్బాయి తనకు నక్షత్రాలంటే ఇష్టమని రాస్తే అది ప్రతిభ అంటారు. మన పిల్ల అదే రాస్తే 'మరి మీ వాళ్ళకేం చేస్తావు?' అని అడుగుతారు. మనం కూడా అలాగే అడుగుతున్నాం, అది ఒప్పుకోవాలి.

పోటీ కూడా చిన్నది కాదు. విదేశాల్లో చదవడానికి కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే ఉపకార వేతనాలు ఏడాదికి దేశం మొత్తానికీ 20. అందులో 3 ఆదిమ తెగల పిల్లలకు. ఇంత ఇరుకు గుమ్మంలోంచి దూరాలనుకున్నవాళ్ళు ఎదుటివాళ్ళకు నచ్చేదే రాస్తారు. అలా రాసి రాసి మూడు అచ్చులు తయారయ్యాయి. ఒకటి సేవ. రెండోది పేదరికం: గుడిసె, కిరోసిన్ దీపం, కాలినడక. మూడోది ఎవరో మహానుభావుడి సూక్తి. రెండోదాన్ని చూస్తే మాకు ఎక్కువ బాధ. ఆ కష్టాలు అబద్ధం కాదు. కానీ తల్లి కష్టాన్ని జాలి పుట్టేలా సర్ది, ఎవరికో చూపించి మార్కులు అడగాల్సి రావడం ఆ తల్లికి గౌరవం కాదు.

అయితే ఆ గడిలో ఏం రాయాలి? అంతకంటే ముందు, విలువ అంటే ఏమిటి?

మన పెద్దలు విలువల పట్టిక రాసుకోలేదు. వాళ్ళకు ఆ అవసరం రాలేదు. మామిడి పండుగ జరిగేదాకా కొత్త మామిడికాయ కొరికేవాళ్ళు కాదు. కొత్తల పండుగ కాకుండా కొత్త ధాన్యం వండేవాళ్ళు కాదు. దుంప తవ్వుకున్నాక తీగ మొదలును మళ్ళీ మట్టిలో కప్పి రమ్మని మాకు నేర్పారు. ఇవన్నీ చూస్తే మాకు ఒకటి అర్థమవుతుంది. ఆకలిగా ఉన్నా, ఎవరూ చూడకపోయినా, ఏ పని చేయకుండా ఆగుతామో అక్కడ మన విలువ ఉంటుంది. మామిడిచెట్టు కింద నిలబడి నోరూరుతున్నా చేయి చాచని పసివాడికి విలువ అనే మాట తెలియదు. కానీ ఆ విలువ వాడిలో ఉంది.

కోయల్లో ఒక్కో గట్టుకు తన వేల్పు ఉంది, పడిగె ఉంది. ఆ గట్టు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరితో పోరాడిందో డోలీలు పాడతారు. అదిలాబాద్ వైపు గోండుల చరిత్రను పర్ధాన్లు కిక్రి వాయిస్తూ చెబుతారు. మనం ఎవరం, దేనికోసం నిలబడతాం అనే ప్రశ్నలకు ఆ పాటలు జవాబులే. అయితే ఆ జవాబు ఒక్కరిది కాదు. దరఖాస్తు మాత్రం 'నేను' అని మొదలుపెట్టమంటుంది. మన పిల్లలు అక్కడ తడబడడానికి భాష రాకపోవడం ఒక్కటే కారణం కాదు. పది మందిలో 'నేను, నేను' అనేవాడిని మన ఊళ్ళలో గొప్పవాడిగా చూడరు.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. కానీ అది సగం నిజమే.

తెలుగులో 'మనం' వేరు, 'మేము' వేరు. ఎదుటివాళ్ళను కలుపుకుంటే మనం, బయట ఉంచితే మేము. మన ఊళ్ళు అన్నిసార్లూ మనం అనలేదు. చేతబడి చేసిందన్న అనుమానంతో ఒంటరి ఆడమనిషిని వెలివేసినప్పుడు, ఆమె ఊరి 'మేము'లో లేదు. పంచాయితీలో మగవాళ్ళు కూర్చుని తీర్పు చెబుతుంటే, ఎవరి గురించి చెబుతున్నారో ఆ అమ్మాయి దూరంగా నిలబడి ఉంటుంది. పదో తరగతి అయిన పిల్లకు పెళ్ళి ఖాయం చేసి ఊరంతా కలిసి తీసుకున్న నిర్ణయమన్నప్పుడు, ఆ పిల్ల నోటి నుంచి రావాల్సిన మొదటి మాట 'నేను'. నాకు ఇష్టం లేదు, నేను చదువుకుంటాను. కాబట్టి 'నేను' అని రాయడం నేర్చుకోవడం మన పిల్లలకు నష్టమని మేము అనుకోవడం లేదు. కొందరికి అదే ప్రాణం నిలిపే మాట.

మన దేశం కూడా ఒకసారి తన విలువలనూ లక్ష్యాలనూ కాగితం మీద రాసుకుంది. 1946 డిసెంబరు 13న నెహ్రూ రాజ్యాంగ సభలో లక్ష్యాల తీర్మానం ప్రవేశపెట్టారు. డిసెంబరు 19న దాని మీద జైపాల్ సింగ్ ముండా మాట్లాడారు. తీర్మానాన్ని ఆయన కాదనలేదు, సమర్థించారు. కానీ ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పలేరని, వాళ్ళ దగ్గరే మీరు నేర్చుకోవాలని ఆ సభలో చెప్పారు. 1947 జనవరి 22న తీర్మానం ఆమోదం పొందింది. ఆ తర్వాత వచ్చిన రాజ్యాంగ పీఠిక 'మేము' అనే అర్థమిచ్చే మాటతోనే మొదలవుతుంది. ఆ 'మేము'లో మేమూ ఉన్నామా అని అడగడానికే జైపాల్ ఆ రోజు లేచి నిలబడ్డారని మాకు అనిపిస్తుంది.

ఆయన జీవితం నుంచి మన పిల్లలు ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. ఛోటానాగపూర్ నుంచి వెళ్ళిన ఆ ముండా కుర్రవాడిని ఇంగ్లండులో చదివించినవాళ్ళు పాద్రీ అవుతాడనుకున్నారు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, ఐసీఎస్‌కు ఎంపికై, దాన్నీ వదులుకున్నారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నారు. ఆదివాసుల గొంతుగా నిలబడింది ఆ తర్వాతే. ఇరవై ఏళ్ళ వయసులో ఆయన్ని జీవిత లక్ష్యం రాయమని ఉంటే ఇదంతా రాసేవారా? రాయలేరు. హాకీ కర్ర పట్టుకున్న చేయి జాతికి ద్రోహం చేసిందని ఎవరమైనా అనగలమా?

అందుకే ఆ అమ్మాయి లెక్కల మీది ఇష్టాన్ని మేము స్వార్థం అనం. మరి రుణం సంగతి? రుణం ఉంది. ఆమె బస్సు ఛార్జీలు వాళ్ళ అవ్వ ఏరిన ఇప్పపువ్వు నుంచి వచ్చాయి. ఆమె కూర్చున్న సీటు వెనుక రిజర్వేషన్ కోసం కొట్లాడిన వాళ్ళున్నారు. ఆమె ఇంటి కింద నేల ఇంకా మిగిలి ఉండడానికి కొమరం భీం లాంటి వాళ్ళ నెత్తురు కారణం. ఈ రుణం లేదనడం అబద్ధం. అయితే దీన్ని ఎలా తీర్చాలో, ఎప్పుడు తీర్చాలో అప్పిచ్చినవాళ్ళే నిర్ణయించి నోటు రాయించుకుంటే అది మనకు బాగా తెలిసిన షావుకారు పద్ధతి. మన పిల్లల మీద మనమే షావుకార్లం కాకూడదు.

సేవ చేస్తానని రాయించుకోవడం కంటే ద్రోహం చేయనని నిలబడడం నేర్పడం ముఖ్యమని మేము అనుకుంటున్నాం. ఉదాహరణ దూరం వెళ్ళి వెతకక్కర్లేదు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. మనం 1/70 అనే ఆ చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఆదివాసేతరుల చేతికి మారకూడదు. అయినా మారుతూనే ఉంది. ఎలా? కాగితాల మీద మనవాడి పేరే ఉంటుంది. డబ్బు వేరేవాళ్ళది, సాగు వేరేవాళ్ళది. ఆ బినామీ సంతకం కోసం ఎక్కువగా వెతికేది చదువుకుని ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళనే. మాకు తెలిసిన ఒకాయన చదువుకునే రోజుల్లో జాతి సేవ గురించి సభల్లో బాగా మాట్లాడేవాడు. తర్వాత ఆయన పేరు మీద రోడ్డు పక్కన రెండెకరాలు తేలాయి. ఆ భూమిలోకి ఆయన ఒక్కరోజు కూడా అడుగుపెట్టలేదు. ఇంకొకాయన ఏ సభలోనూ మాట్లాడలేదు. చిన్న ఉద్యోగం. అలాంటి సంతకం అడిగితే చేయనన్నాడు. అడిగినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చారు, చుట్టాల చేత చెప్పించారు. చేయలేదు. ఆయన్ని విలువల గురించి 300 పదాలు రాయమంటే ఆరు పదాలు కూడా రాయలేడేమో.

ఇప్పుడు ఆ గడి ముందు కూర్చున్న పిల్లలకు మేము మూడు ప్రశ్నలు వేస్తున్నాం. మొదటిది: నీకు లాభం ఉండి కూడా నువ్వు వద్దన్నది ఏదైనా ఉందా? రెండోది: అలా వద్దనడం ఎవరిని చూసి నేర్చుకున్నావు? పుస్తకంలో మనిషి కాదు, నీ కళ్ళతో చూసిన మనిషి కావాలి. మూడోది: ఎవరూ మెచ్చుకోకపోయినా, సీటు రాకపోయినా, నువ్వు చేస్తూనే ఉండే పని ఏది? మొదటి రెండింటి జవాబుల్లో నీ విలువలుంటాయి. మూడోదానిలో నీ లక్ష్యం ఉంటుంది. జవాబు చిన్నదైతే చిన్నగానే రాయి. కింద తేదీ వేసి ఒక ప్రతి నీ దగ్గర ఉంచుకో. ప్రతి ఏడాదీ కొత్తల పండుగకు తీసి చదువుకో. లక్ష్యం మారి ఉంటే మార్చి రాసుకో, అందులో తప్పేమీ లేదు. విలువ మారి ఉంటే మాత్రం ఎందుకు మారిందో నిన్ను నువ్వే అడుగు.

ఆ అమ్మాయినీ ఈ మూడు ప్రశ్నలే అడిగాం. వారం తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి కాగితం నిండా కొట్టివేతలు ఉన్నాయి. తునికాకు కాలంలో అవ్వ పక్కన కూర్చుని కట్టలు కట్టడం గురించి రాసింది. కట్టకు 50 ఆకులు. చీకటి పడుతున్నా, కల్లం దగ్గరికి పోవడానికి ఆలస్యమవుతున్నా, అవ్వ 50 లెక్కపెట్టేది. పక్కవాళ్ళు నలభై ఎనిమిదితో ముడి వేసినా తను వేయలేదు. ఒకసారి ఈ పిల్ల రెండు ఆకులు తక్కువ పెడితే కట్ట విప్పించి మళ్ళీ కట్టించింది. కల్లం దగ్గర వాళ్ళు మన కట్టలు తీసేస్తారు కదా అని పిల్ల అడిగితే, "వాళ్ళ లెక్క వాళ్ళది, మన లెక్క మనది" అందట. తనకు లెక్కల మీద ఇష్టం అక్కడ మొదలైందని, లెక్క తప్పకూడదనే పట్టుదల కూడా అక్కడిదేనని రాసింది. గణితం చదువుతానని, ఊరికి తిరిగొస్తానో లేదో ఇప్పుడే చెప్పలేనని, ఎక్కడున్నా తప్పుడు లెక్క మీద సంతకం పెట్టనని ముగించింది.

మేము ఒక్క మాట కూడా దిద్దలేదు. ఆఖరి వాక్యం ముందు మాత్రం కాసేపు ఆలోచించాం. ఊరికి తిరిగొస్తానో లేదో తెలియదని రాస్తే సీటుకు ఇబ్బందేమో అన్నది మా భయం. ఆ మాట తీసేయమని చెప్పడానికి మాకు నోరు రాలేదు. తీసేయమంటే అది కట్టలో రెండు ఆకులు తగ్గించమన్నట్టే అవుతుంది.

దరఖాస్తు పంపింది. ఇది రాసే నాటికి ఇంకా జవాబు రాలేదు. ఇంటికి వెళ్ళాక అవ్వకు అంతా చదివి వినిపించిందట. అవ్వ మొత్తం విని, "యాభై అనే రాశావు కదా?" అని ఒక్కటే అడిగిందట.