పూటకూళ్లవాని లెక్క



లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని గూర్చి ఎన్నో ప్రసంగములు విన్నాము. పూటకూళ్లవానిని గూర్చి వినుట అరుదు. సమరయుడు రెండు దేనారములిచ్చి, మిగిలిన ఖర్చు తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని వెళ్లిపోయెను. దేనారమనగా ఆ కాలమున ఒక దినకూలి. రెండు దినముల కూలితో కొన ఊపిరితోనున్నవాడు లేచి నడుచునా? పైగా యూదులు సాంగత్యము చేయని సమరయుని నోటిమాట నమ్మి ఆ పూటకూళ్లవాడు అప్పు పెట్టవలసివచ్చెను.

లాభాపేక్ష లేని పల్లెటూరి చిన్న ఆసుపత్రి స్థితియు ఇదియే. నేలమీద పండుకొన్న కూలివానిని రాత్రివేళ కట్లపాము కరచును. ఆ కాటునకు నొప్పియైన తెలియదు. తెల్లవారులోగా రెప్పలు వాలి, ఊపిరి ఆడదు. అర్ధరాత్రి ఆటోలో తెత్తురు. విరుగుడు ఇంజెక్షను ఒక్క సీసా చాలదు, 10 సీసాలైనను పట్టవచ్చును. వెంటిలేటరు కావలెను, దాని ప్రక్కన మెలకువగా నర్సమ్మ ఉండవలెను. అట్టివేళ ముందు డబ్బు కట్టుమనుట న్యాయమా?

దేశ న్యాయస్థానము దీనికి జవాబు చెప్పియేయున్నది. స్కూటరు మీద పోవుచున్న ఒకనిని కారు గుద్దెను. దగ్గరి ఆసుపత్రివారు చేర్చుకొనక, పోలీసు కేసులు చూచు ఆసుపత్రికి 20 కిలోమీటర్లు పంపగా అతడు దారిలోనే మరణించెను. దాని మీద పరమానంద్ కటారా వేసిన వ్యాజ్యములో, ప్రాణము కాపాడుట ముందు, కాగితములు తరువాత అని సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పెను. (ప్రక్కగా పోయిన యాజకునికిని లేవీయునికిని కూడ ఏవో నియమములుండియుండును!)

అయితే తీర్పు మందుల బీరువాను నింపజాలదు. ఆసుపత్రిని నిందించుటకు మనము త్వరపడుదుము. బాగుపడి యింటికి వచ్చి బాకీ మరచువారు మన సంఘములలో లేరా? "మిషను ఆసుపత్రి గదా, దొరలు పంపుదురు" అను మాట ఇప్పటికిని వినబడుచున్నది. దొరలు వెళ్లి ఎంత కాలమైనది! కట్టు కట్టిన తరువాత, ఇయ్యగలవానిని లెక్క అడుగుట తప్పు కాదని నా అభిప్రాయము. ఇయ్యలేనివాని లెక్కయే చిక్కు.

అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి. "రోగి రాని రాత్రికి నర్సుకు జీతమెందుకు?" అని కొందరు పెద్దలు అడుగుచున్నారు. గడువు తీరి పారవేసిన విరుగుడు మందు లెక్క చూచి నొచ్చుకొనుచున్నారు. ఆ సీసా విప్పవలసిన అవసరము రాలేదు, దానికి విచారపడుదుమా? అత్యవసర వైద్యములో చేసిన పనికి మాత్రమే కాదు, సిద్ధముగా కాచుకొనియుండుటకును ఖర్చగును. ఆ ఖర్చును ఏ రోగి మీద వేయుదుము? రాని రోగి ఏమియు కట్టడు.

సమరయుడు తిరిగి వచ్చి బాకీ తీర్చెనో లేదో సువార్తలో వ్రాయబడలేదు. కోతపండుగ దగ్గరపడుచున్నది. కానుకగా వచ్చు ధాన్యములో కొంత ఆసుపత్రి రాత్రి ఖర్చునకు ప్రత్యేకింపవలెనని సంఘ కమిటీ ముందు పెట్టుచున్నాను. ఎన్ని బస్తాలో పెద్దలు నిర్ణయింతురు.