రైళ్ళను చూచుట దోషమా?

తల్లి గాని తండ్రి గాని గతించిన యింటికి కొద్ది రోజులపాటు జనం వస్తూ పోతూ వుంటారు. ఉఠావణా నాడు ఊరిలోని వర్తకులందరూ వచ్చి కూర్చుంటారు. స్తవనాలు చదువుతారు, పోయినవారి మంచితనం గూర్చి నాలుగు మాటలు చెప్పుకొంటారు. తరువాత దుకాణం తలుపులు తెరుచుకుంటాయి. సరుకు, లెక్క, వసూలు మళ్ళీ మొదలవుతాయి. అసలు దుఃఖం ఆ తరువాతనే వస్తుంది. అప్పటికి ఓదార్చేవారు ఎవరి పనుల్లో వారుంటారు గనుక మనిషి తన ఊతను తానే వెదుక్కోవాలి. ఒకరు తీర్థయాత్రకు పోతారు. ఒకరు రాత్రింబగళ్ళు వ్యాపారంలో మునుగుతారు. ఒకరు పేకాటలో పడతారు. గుడియాత్తంలో ఒక వర్తకుడు మాత్రం రైళ్ళను చూడడంలో పడ్డాడు. ఇది శ్రావకునకు తగిన పనియేనా అని ఆ బజారులో కొంతకాలం చర్చ జరిగింది. ఆ చర్చ ఆలోచించదగినది.

అతని తండ్రి కైలీల వ్యాపారి. గుడియాత్తం కైలీ అంటే ఎక్కడెక్కడి వారికి తెలియనిది? పూర్వం మూటలన్నీ రైలు పార్సెలులో పోయే రోజుల్లో, ఆ పెద్దాయన తెల్లవారకముందే స్టేషనుకు పోయి తన మూటలు బండికెక్కేదాకా నిలబడి వచ్చేవాడు. రైల్వే టైము టేబులు పుస్తకం కల్లాపెట్టెలో వుండేది. దాని అంచుల్లో పెన్సిలుతో ఏ బండి ఎంత ఆలస్యమయిందో వ్రాసుకొనేవాడు. తరువాత లారీలు వచ్చాయి, పార్సెళ్ళు తగ్గాయి, అయినా ఆ అలవాటు పోలేదు. దూరాన కూత వినబడితే అది ఏ బండో చెప్పి, దుకాణం గడియారం సరిచేసేవాడు.

2019 లో ఆయనకు జబ్బు చేసింది. వేలూరులో ఒక ఆసుపత్రిలో చేర్చారు. వారం గడిచేసరికి కొంచెం తేరుకున్నట్లు కనబడ్డాడు. అప్పుడు కొడుకు ఒక వసూలు పనిమీద బెంగుళూరు వెళ్ళాడు. పగటి బండికే తిరిగి రావలసినవాడు, బాకీదారు సాయంత్రం యిస్తానన్నందున ఆ బండిని వదులుకున్నాడు. రాత్రి బండి ఎక్కాడు. జోలార్‌పేట, వాణియంబాడి, ఆంబూరు దాటాయి. ఆ బండి గుడియాత్తంలో ఆగదు. తన ఊరి దీపాలు కిటికీలోనుంచి చూస్తూ వుండగానే స్టేషను వెనుకబడిపోయింది. అక్కడికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో కాట్పాడి. అక్కడ దిగి పాలారు దాటి వేలూరు చేరేసరికి తండ్రి లేడు. ప్రాణం పోయిన గడియను అడిగి తెలుసుకొని, బండి నడిచిన వేళలతో సరిచూచుకుంటే, తాను ఆంబూరు దాటి ఊరు సమీపిస్తున్న సమయమది.

వర్తకునకు లెక్క కట్టడం అలవాటు. ఆ అలవాటే అతనికి శత్రువయింది. పగటి బండి ఎక్కి వుంటే ఎన్ని గంటలు ముందు చేరేవాడు? వసూలయిన సొమ్ము ఎంత? ఆ సొమ్ము రెండు రోజులు ఆలస్యమయితే పోయేదేమిటి? ప్రతి రాత్రి ఆ లెక్క మొదలుపెట్టేవాడు. ప్రతి రాత్రి అదే మొత్తం వచ్చేది. నిద్ర పోయింది. సామాయికానికి కూర్చున్నా 48 నిమిషాలూ ఆ బండిలోనే గడిచేవి.

నెల రోజులు గడిచాక ఒక తెల్లవారుజామున లేచి స్టేషనుకు నడిచాడు. ఎందుకు వెళ్ళాడో అతడే చెప్పలేకపోయాడు. ప్లాట్‌ఫారం కొసన బెంచీమీద కూర్చున్నాడు. బండ్లు వచ్చాయి, పోయాయి. మరునాడూ వెళ్ళాడు. కొన్ని రోజులకు ఇంజనుమీద వ్రాసివుండే అయిదంకెల సంఖ్యను, అది ఏ షెడ్డుకు చెందినదో ఆ పేరును, అరక్కోణమో, ఈరోడో, రాయపురమో, చూచి వ్రాసుకొనసాగాడు. నోటుపుస్తకంగా వాడినది వేరేది కాదు, తండ్రి టైము టేబులులోని ఖాళీ కాగితాలే.

అది సామాన్యమైన లైను కాదు. మద్రాసు రాయపురం నుండి ఆర్కాటు ప్రాంతంలోని వాలాజా రోడ్డు వరకు 1856 జూలై 1 న దక్షిణాదిలో మొదటి ప్రయాణీకుల బండి నడిచింది. ఆ లైనే పొడిగిస్తూ కాట్పాడి, గుడియాత్తం, జోలార్‌పేటల మీదుగా 1862 నాటికి పడమటి సముద్రపు ఒడ్డున బేపూరు దాకా తీసుకువెళ్ళారు. కాట్పాడిలో 1676 మిల్లీమీటర్ల పెద్ద లైను, 1000 మిల్లీమీటర్ల చిన్న లైను కలిసేవి. చిన్న లైను ఒక ప్రక్క విల్లుపురానికి, మరొక ప్రక్క పాకాలకు, తిరుపతికి పోయేది. పెద్ద బండి సరుకు చిన్న బండికి కూలీల వీపులమీద మారవలసినదే. ఇప్పుడు అదంతా పెద్ద లైనయిపోయింది. 1964 లో మద్రాసు బెంగుళూరుల మధ్య బృందావన్ ఎక్స్‌ప్రెస్ వచ్చినప్పుడు దానిని వింతగా చెప్పుకున్నారు. 2022 నవంబరులో వందే భారత్ వచ్చింది. దాన్నీ వింతగానే చూస్తున్నారు. వేలూరు ఆసుపత్రులకు బెంగాలు నుండి, ఆంధ్రం నుండి వచ్చే రోగులు, వారి బంధువులు కాట్పాడిలోనే దిగుతారు. ఈ లైనుమీద పోయే బండిలో ఎవరో ఒకరు రోగిని చూడబోతూ వుండడం అరుదు కాదు. ఈ మాట అతనికి బెంచీమీద కూర్చున్న మూడో నెలలో తోచిందట.

బజారులోని పెద్దలొకరు అతనిని నిలదీశారు. “యాభై యేండ్లవాడివి, చిన్నపిల్లవాడిలా బండ్లు లెక్కబెడతావేమయ్యా? ఆ గంట స్థానకంలో కూర్చుంటే నాన్నగారి పేరు నిలబడదా?” అన్నారు. శ్రావకునికి చెప్పిన పన్నెండు వ్రతాలలో అనర్థదండ విరమణ వ్రతం ఒకటి. ప్రయోజనం లేని పనివల్ల ఆత్మను దండించుకోరాదని దాని తాత్పర్యం. రైలును చూస్తే పుణ్యమా, లాభమా? రెండూ లేవు. కనుక అది ప్రమాదాచరణం, అనగా మెలకువ లేని నడత. పెద్దలు చెప్పినదానిలో తప్పు లేదు.

కాని అనర్థదండాలను లెక్కపెట్టేటప్పుడు శాస్త్రకారులు ప్రమాదాచరణాన్ని మొదట చెప్పలేదు. మొదట అపధ్యానం చెప్పారు. అపధ్యానమంటే ఆర్తధ్యాన, రౌద్రధ్యానాలలో మనస్సును వుంచడం. తత్త్వార్థసూత్రం తొమ్మిదవ అధ్యాయంలో ఆర్తధ్యానం నాలుగు విధాలుగా చెప్పబడింది. ఇష్టమైనది ఎడబాసినప్పుడు అదే పనిగా దానినే తలచుకొంటూ కుములుట అందులో ఒకటి. అతడు రాత్రి పక్కమీద కట్టే లెక్క అదే. దుకాణం అరుగుమీద కూర్చున్నవారికి స్టేషనులోని బెంచీ కనబడుతుంది గాని, రాత్రి పక్క కనబడదు. బెంచీమీద గడిచిన గంటలో అతడు ఆ లెక్క కట్టలేదు. ఇంజను సంఖ్య చూడాలంటే కన్ను అక్కడ వుండాలి, కన్ను వున్నచోట మనస్సు వుండాలి. పెద్ద దోషం స్థానంలో చిన్న దోషం వచ్చిందని అనవచ్చును. వ్యాధికి మందు కాకపోయినా పథ్యమయింది.

ఇక్కడ మన మతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి వున్నది. ఇతరులకు శ్రాద్ధం కలదు, పిండం కలదు. కొడుకు ఏదో చేస్తాడు, అది తండ్రికి అందుతుందని నమ్మకం. మనకు అది లేదు. జీవుడు దేహం విడిచిన తరువాత కొన్ని సమయాలలోనే, ‘సమయ’మంటే కాలంలో విభజించరాని సూక్ష్మాంశం, తన కర్మానుసారంగా మరొక జన్మ చేరుతాడు. ఎవరికోసమూ త్రోవలో ఆగడు. బండి కాట్పాడి చేరకముందే ఆ తండ్రి ప్రయాణం ముగిసి మరొక చోట మొదలయింది. పగటి బండి ఎక్కివుంటే కొడుకు ముఖం చూచేవాడు, నిజమే, నవకారం చెవిలో చెప్పేవాడు. అది చిన్న సంగతి కాదు, దానిని చిన్నదని చెప్పి అతనిని ఓదార్చబోవడం అబద్ధమవుతుంది. అయితే ఇప్పుడు అతడు చేసే దుఃఖమేదీ ఆ తండ్రిని చేరదు. చేతులు ఖాళీగా మిగిలిపోయిన కొడుకు ఆ చేతులతో ఏం చేయాలి?

దీపావళినాడు కొత్త ఖాతాపుస్తకంలో గౌతమస్వామి పేరు వ్రాసుకొనే వర్తకులందరికీ ఆయన కథ తెలిసినదే. మహావీర స్వామి నిర్వాణం చెందిన రాత్రి గౌతముడు దగ్గర లేడు. దేవశర్మకు బోధించేందుకు స్వామియే ఆయనను వేరొక గ్రామానికి పంపాడు. తిరుగు త్రోవలో వార్త తెలిసింది. అంతటి గణధరుడు కూడా పసిబిడ్డలా విలపించాడని మన పెద్దలు చెబుతారు. ఆ రాగం తెగినప్పుడే ఆయనకు కేవలజ్ఞానం కలిగింది. శ్వేతాంబర సంప్రదాయంలో మరొకటి కలదు. వర్ధమానునికి 28 వ యేట తల్లిదండ్రులు పోయారు. దీక్షకు సిద్ధపడితే అన్న నందివర్ధనుడు, ఈ గాయం పచ్చిగా వుండగా నీవు కూడా పోకుమని బ్రతిమాలాడు. తీర్థంకరుడు కాబోయే వాడు ఆ మాట విని రెండేండ్లు ఆగాడు. అన్న దుఃఖాన్ని ఆయన అజ్ఞానమని తోసివేయలేదు, దానికి రెండేండ్ల గడువిచ్చాడు. గుడియాత్తం బజారు ఆ కొడుకుకు యిచ్చిన గడువు రెండు నెలలు కూడా లేదు.

2020 మార్చి నెలాఖరులో అంటువ్యాధి వల్ల దేశమంతటా ప్రయాణీకుల బండ్లు నిలిచిపోయాయి. గూడ్సు బండ్లు తప్ప కూత వినబడలేదు. స్టేషనుకు వెళ్ళరాదు. అతనికి మళ్ళీ రాత్రి లెక్కలు మొదలయ్యాయి. అప్పుడు ఇంజనీరింగు చదివే కొడుకు మేడమీది గదిలో ఒక ప్లైవుడ్ పలక వేసి నమూనా రైలు కట్టడం మొదలుపెట్టాడు. తండ్రి కూడా చేయి వేశాడు. అట్టతో పెట్టెలు చేశారు, రంపపుపొట్టుకు రంగువేసి పచ్చిక చేశారు. ఈ బొమ్మ రైళ్ళలో ఎక్కువ వాడుకలో వున్నది అసలులో 87 వ వంతు. మన పెద్ద లైను వెడల్పును 87 తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావలె. బజారులో దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్లు, అవి ఐరోపావారి 1435 మిల్లీమీటర్ల లైనుకు తగినవి. కాబట్టి మన బండిని వాటిమీద నిలిపితే కాళ్ళు దగ్గరపెట్టి నిలబడినట్లుంటుంది. దీనిమీద తండ్రీకొడుకులు మూడు రోజులు వాదించుకున్నారట. తాత పోయిన తరువాత ఆ యింట్లో అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదలు.

ఇటువంటివారు అతడొక్కడే కాడు. ఇంగ్లండులో ఆడ్రీ అనే పాదరీ వుండేవాడు. ఆయన తండ్రి కూడా పాదరీయే, రైళ్ళంటే ప్రాణం. బాక్స్ అనే ఊరిలో సొరంగం సమీపాన వుండే యింట్లో, రాత్రివేళ గట్టు ఎక్కే ఇంజన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్లు ఆ పిల్లవాడికి వినబడేది. తండ్రి 1928 లో పోయాడు, అప్పటికి కొడుకు ఇంకా ఇరవై నిండనివాడు. 1943 లో తన పిల్లవాడికి తట్టు పోసి పడుకుంటే, ఆ మాట్లాడే ఇంజన్ల కథలే చెప్పాడు. 1945 లో అవి పుస్తకమై, తరువాత లోకమంతటా పిల్లలకు పరిచయమయ్యాయి. తండ్రి యిచ్చినది కొడుకు మనుమడికి అప్పజెప్పాడన్న మాట. మనదేశంలోనే పూనాలో జోషీగారు కట్టిన చిన్న రైళ్ళ మ్యూజియం 1998 నుండి వున్నది. ఆయన పోయిన తరువాత కుటుంబంవారు దానిని నడుపుతున్నారు.

అయితే చూడడం వేరు, కూడబెట్టడం వేరు. ప్లాట్‌ఫారం మీద బండిని ఎవరూ పట్టుకోలేరు. అది వస్తుంది, పోతుంది, అనిత్య భావనకు అంతకంటె సులువైన పాఠం లేదు. మేడమీది బండి మన సొత్తు. మనం ఆపితే ఆగుతుంది, తిప్పితే తిరుగుతుంది, తిరిగిన చోటికే తిరుగుతుంది. ఇంకొక ఇంజను, ఇంకొక సిగ్నలు అని కోరిక పెరిగితే అది నిస్సందేహంగా పరిగ్రహమే, దానికి తండ్రి జ్ఞాపకమని పేరుపెట్టినంత మాత్రాన పోదు. పోయినవారి పేరుతో ఖర్చు వ్రాయడం మనవారికి తెలియని విద్య కాదు. ఈ సంగతి అతనికీ తెలిసినట్లున్నది. ఎనిమిది అడుగులకు నాలుగడుగుల పలక ఒకటే, ఇంజన్లు రెండే అని హద్దు పెట్టుకున్నాడు. ఆ హద్దు ఇప్పటికీ దాటలేదు.

ధర్మాస్తికాయం, అధర్మాస్తికాయం అని మన శాస్త్రంలో రెండు ద్రవ్యాలు చెప్పారు. ఇవి పుణ్యపాపాలు కావు. మొదటిది కదిలేదానికి కదలడంలో తోడ్పడేది, చేపకు నీటివలె. రెండవది నిలిచేదానికి నిలవడంలో తోడ్పడేది, బాటసారికి చెట్టునీడవలె. నీరు చేపను తోయదు, నీడ బాటసారిని పట్టి కూర్చోబెట్టదు. ఈనాడు బోధించేవారు దీనికి రైలునే ఉదాహరణ చెబుతారు. పట్టాలు బండిని లాగవు, అవి లేక బండి సాగదు. ఆ కొడుకుకు రైళ్ళు ఓదార్పునిచ్చాయనడం సరికాదు. ఇనుములో ఓదార్పు ఎక్కడిది? నిలవలేకపోతున్న మనస్సు నిలవబోయినప్పుడు అవి నీడ అయినాయి. పెద్దలు చెప్పిన స్థానకం అంతకంటె చల్లని నీడ అని అందరూ ఒప్పుకోవలసినదే. కాని ఎండలో పడినవాడు దగ్గరి చెట్టు క్రిందికి పోతాడు. కొంత తేరుకున్నాక దూరపు చెట్టుదాకా నడవగలడు.

అతడు నడిచాడా? కొంత నడిచాడు. ప్రతిరోజూ పోయేవాడు ఇప్పుడు ఆదివారం మాత్రం పోతున్నాడు. సామాయికంలో బండి శబ్దం ఇంకా అప్పుడప్పుడు వినబడుతుందని దాచకుండా చెబుతాడు. బెంగుళూరు వసూళ్ళకు పోయినప్పుడు సాయంత్రం యిస్తామన్నవారితో, మనిషిచేత పంపమని చెప్పి పగటి బండికే తిరిగి వస్తాడు. ఈ సంవత్సరం పర్యూషణ ఎనిమిది రోజులూ స్టేషను వైపు పోలేదు, మేడమీది గదికి తాళం వేశాడు. సంవత్సరి నాడు తనను నిలదీసిన పెద్దల యింటికి పోయి క్షమాపణ చెప్పుకొని వచ్చాడు, వారూ చెప్పుకున్నారు. తొమ్మిదవ నాడు తెల్లవారకముందే టైము టేబులు చంకన పెట్టుకొని స్టేషనుకు బయలుదేరాడు. బండి నలభై నిమిషాలు ఆలస్యం. పెన్సిలుతో అంచున వ్రాసుకున్నాడు.