కలకత్తా బాట పట్టే ముందు హబీబ్ కథ

మనవడా,

కలకత్తా లీగ్‌లో ఆడే ఒక క్లబ్బు ట్రయల్స్‌లో నిన్ను ఎంపిక చేసుకుందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అదే సమయానికి స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందని, దరఖాస్తు పెట్టాల్సిందేనని మీ నాన్న పట్టుబడుతున్నాడని, ఇంట్లో మాటలు తగ్గిపోయాయని కూడా చెప్పింది. దానికి తోడు నీకు ఇంకో బెంగ పట్టుకుందట. పన్నెండో ఏట నుంచి ఆట నేర్పిన ఇక్కడి క్లబ్బును, కోచ్‌ను వదిలిపోతే నమ్మకద్రోహం అవుతుందేమోనని.

ఈ రెండు చిక్కులనూ నీకంటే ముందు ఎదుర్కొన్నవాడు మన హైదరాబాద్‌లోనే పుట్టాడు. పేరు మహమ్మద్ హబీబ్. 1949లో పుట్టి, 2023 ఆగస్టు 15న ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. కలకత్తా మైదానాల్లో జనం అతన్ని ‘బడే మియా’ అని పిలుచుకున్నారు. తమ్ముడు అక్బర్ కూడా పేరున్న ఫార్వర్డే. క్రికెటర్ల పేర్లు వరసగా అప్పజెప్పే నీ స్నేహితుల్లో హబీబ్ పేరు తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉంటారా అన్నది అనుమానమే. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగు అవుతుంది. ఓపిగ్గా చదువు.

హబీబ్ పుట్టేనాటికి హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో ఒక గొప్ప కాలం మొదలవబోతోంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడిపంతులు 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడు మొదలుకొని వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఈ ఊరికే వచ్చింది. దేశం జట్టుకూ ఆయనే కోచ్ అయ్యారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ది నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. జకార్తాకు వెళ్లేనాటికే ఆయనను క్యాన్సర్ తినేస్తోంది. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన తర్వాత ఏడాదైనా తిరగకుండానే, 1963 జూన్‌లో వెళ్లిపోయారు. హబీబ్‌కు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. రహీమ్ సాబ్ నేర్పిన ఆట చూస్తూ పెరిగిన పిల్లల తరం అది.

1965-66 సంతోష్ ట్రోఫీలో ఆంధ్రప్రదేశ్ ఫైనల్లో బెంగాల్‌నే ఓడించి కప్పు గెలిచింది. ఆ జట్టులో హబీబ్ ఉన్నాడు. ఆ వెంటనే 1966లో ఈస్ట్ బెంగాల్ అతన్ని కలకత్తాకు తీసుకుపోయింది. అప్పటికి అతని వయసు ఇంచుమించు ఇప్పటి నీ వయసే.

ఇక్కడ ఉద్యోగం సంగతి వస్తుంది. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ పేరుకు అమెచ్యూర్ ఆట. ఆటగాడికి అన్నం పెట్టేది కొలువు. రైల్వేలు, పోర్టులు, బ్యాంకులు, పోలీసు శాఖ ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చేవి. భారత జట్టు ఆటగాడు పీకే బెనర్జీ అంతటివాడు ఈస్టర్న్ రైల్వేలో చేరాక ఆట మానేదాకా ఆ జట్టుకే ఆడాడు. పెద్ద క్లబ్బులకు ఆడేవాళ్లు కూడా ఒక పక్క కొలువు పెట్టుకునేవారు. మోకాలు విరిగినా, ఫామ్ పోయినా, నెల మొదట్లో జీతం వస్తుంది, చివర్లో పింఛను ఉంటుంది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. హబీబ్ మాత్రం వచ్చిన ఉద్యోగాలను వద్దన్నాడు. ఆటే తన పని అన్నాడు. భారత ఫుట్‌బాల్‌లో మొదటి నిజమైన ప్రొఫెషనల్ అని అతన్ని అనేది అందుకే.

ఈ మాట వినగానే నీ కళ్లు మెరుస్తాయని తెలుసు. మీ నాన్న ముందు పెట్టడానికి మంచి సాక్ష్యం దొరికిందనుకుంటావు. ఆగు. హబీబ్ ‘వద్దు’ అన్నది ఒక్క రోజు పని. ఆ మాట నిలబెట్టుకోవడానికి పట్టింది దాదాపు పద్దెనిమిదేళ్లు. 1966 నుంచి 1984 వరకు కలకత్తాలో ఆడుతూనే ఉన్నాడు. అతనేమీ భారీకాయుడు కాదు. మొండితనం, ఊపిరి, బంతి పోతే మళ్లీ లాక్కునేదాకా వదలని పట్టు, ఇవే అతని బలం. సాధన విషయంలో తన మీద ఎంత కఠినంగా ఉండేవాడో, జూనియర్ ఆటగాళ్ల మీదా అంతే కఠినంగా ఉండేవాడని అతనితో ఆడినవాళ్లు చెబుతారు. కొలువు వద్దన్నవాడికి ఆదివారం సెలవు, పండగ సెలవు ఉండవు. నిద్ర, తిండి, స్నేహాలు అన్నీ ఆ పని కిందికే వస్తాయి. రాత్రి రెండు దాకా ఫోన్ చూసి పొద్దున్న ఆరింటికి మైదానానికి వచ్చేవాడు ఉద్యోగం వద్దని తండ్రితో వాదించడం న్యాయం కాదు. నువ్వు ఆ కోవలో ఉన్నావో లేదో నీకే బాగా తెలుసు.

ఇక క్లబ్బు మారడం గురించి. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, ఈ మూడింటి మధ్య కలకత్తాలో ఉన్న పోటీ ఎలాంటిదో అక్కడికి వెళ్లాక నువ్వే చూస్తావు. ఇళ్లల్లో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసేంత పోటీ అది. హబీబ్ ఆ మూడు జెర్సీలూ వేసుకున్నాడు, కొన్ని ఒకటికి రెండుసార్లు. 1970 నుంచి 1975 దాకా ఈస్ట్ బెంగాల్ వరసగా ఆరుసార్లు లీగ్ గెలిచింది. అందులో మొదటి ఐదేళ్లు హబీబ్ ఆ జట్టులోనే ఉన్నాడు. 1975లో మహమ్మడన్‌కు వెళ్లాడు, 1976లో మోహన్ బగాన్‌కు. ఆ ఏడు లీగ్ మ్యాచ్‌లో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలై 17 సెకన్లు గడిచాయో లేదో గోల్ పడింది. ఉలగనాథన్ పక్క నుంచి బంతి వేశాడు, హబీబ్ తలతో కిందికి దించాడు, అక్బర్ లోపలికి కొట్టాడు. ఆ ఏడు లీగ్ మోహన్ బగాన్‌కు దక్కింది. నిన్నటిదాకా తన చేత్తో కట్టిన గోడను హబీబ్ ఇవాళ తనే కూల్చాడు.

మరి ఈస్ట్ బెంగాల్ వాళ్లు అతన్ని ద్రోహి అన్నారా? తర్వాత మళ్లీ పిలిచి ఆడించుకున్నారు. ఆటంతా ముగిశాక తమ ‘భారత్ గౌరవ్’ పురస్కారం ఇచ్చి గౌరవించారు. అతను తమ దగ్గర ఉన్నన్నాళ్లు ఏ మ్యాచ్‌లోనూ కాలు దాచుకోలేదన్న నమ్మకం వాళ్లకుంది. ఒంటి మీద ఒక రంగు, మనసులో ఇంకో రంగు పెట్టుకుని ఆడేవాణ్ని జనం ఇట్టే పసిగడతారు. అలాంటివాడికి మాత్రం ఎవరూ మళ్లీ కబురు పెట్టరు.

నీ మొదటి క్లబ్బుకు నువ్వు బాకీ ఉన్నావన్నది నిజం. ఆ బాకీని ఫుట్‌బాల్ చట్టం కూడా ఒప్పుకుంటుంది. ఒక ఆటగాడు డబ్బు చెల్లింపు మీద ఒక దేశం క్లబ్బు నుంచి ఇంకో దేశం క్లబ్బుకు మారితే, ఆ సొమ్ములో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య నేర్పిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. నేర్పినవాడు నిన్ను కట్టేసి ఉంచాలని ఆ నియమం చెప్పడం లేదు. నువ్వు ఎదిగితే అతనికీ వాటా ఉండాలంటోంది. కాబట్టి వెళ్లే ముందు కోచ్ దగ్గరికి నువ్వే వెళ్లు. వేరేవాళ్ల నోట వినేలా చేయకు. ఆయన చేతుల మీదుగా క్లియరెన్స్ తీసుకుని, ఆశీర్వాదం తీసుకుని బయల్దేరు. సెలవులకు వచ్చినప్పుడు అక్కడి చిన్నపిల్లలతో ఒక గంట ఆడు.

హబీబ్ గురించి చెబుతూ 1977 సెప్టెంబర్ 24 సంగతి వదిలేయడం కుదరదు. మోహన్ బగాన్ మీద ఆడటానికి పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చాడు. బ్రెజిల్‌కు ప్రపంచ కప్పు అందించిన కెప్టెన్ కార్లోస్ ఆల్బెర్టో కూడా ఆ జట్టులో ఉన్నాడు. వానకు మైదానం చిత్తడి చిత్తడి. పెలేను చూడటానికి వచ్చిన జనానికి మోహన్ బగాన్ గెలుస్తుందన్న ఆశ లేదు. వచ్చినవాడు దేవుడు కదా, ఎదుట నిలబడి ఆడితే చాలనుకున్నారు. హబీబ్ అలా అనుకోలేదు. ఒక గోల్ శ్యామ్ థాపా కొట్టాడు, ఒకటి హబీబ్ కొట్టాడు. చివరికి 2-2. పెలే వారం తిరిగేసరికి న్యూజెర్సీలో తన ఆఖరి ఆట ఆడేశాడు. మోహన్ బగాన్ ఆ సీజన్‌లోనే ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. తాతయ్య దృష్టిలో ఆ మూడు కప్పుల ఘనతే పెద్దది. పెలే ఎదుట ఒక సాయంత్రం ఒళ్లు మరిచి ఆడేవాళ్లు చాలామందే దొరుకుతారు. ఆ మర్నాటి నుంచి కెమెరాలు లేని మైదానాల్లో కూడా అదే ఊపుతో ఆడాలంటేనే కష్టం.

దేశం తరఫున హబీబ్ 1967 మెర్డెకా టోర్నీలో మొదటిసారి ఆడాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో అతనున్నాడు. కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషులకు పతకం రానేలేదు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. దేశం జెర్సీ పిలిచి ఇచ్చేదాకా నీ చేతిలో ఉండదు. క్లబ్బులో వారం వారం ఆడే ఆట మాత్రం నీ చేతిలోనే ఉంది. పైవాళ్లు చూసేది దాన్నే. నిజామాబాద్ జిల్లాలో ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య క్లబ్బు ఆటతోనే భారత జట్టుకు చేరింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. ఆ అమ్మాయికి నీకున్న బూట్లు, నీకున్న మైదానం చిన్నప్పుడు లేవు.

ఇప్పుడు మీ నాన్న వైపు నుంచి చూద్దాం. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం పేరు కూడా నీకు తెలియాలి. రహీమ్ సాబ్ కనిపెట్టిన ఆటగాళ్లలో వజ్రం లాంటివాడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. జకార్తా బంగారు జట్టులో ఉన్నాడు. 1963కల్లా ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది, ఆట ముగిసిపోయింది. అప్పటికి అతని వయసు ఇరవై ఏడు. ఆటగాళ్లు సాధారణంగా తారస్థాయికి చేరే వయసు. ఆ తర్వాత ఆయన 2023 దాకా బతికాడు. ఆడిన కాలానికి ఎన్నో రెట్లు ఎక్కువ కాలం, ఆట లేకుండా. మీ నాన్న రాత్రిళ్లు నిద్రపట్టక ఆలోచించేది ఆ మిగిలిన ఏళ్ల గురించే. నీ మీద నమ్మకం లేక కాదు.

క్లబ్బులైనా రాతికోటలేమీ కావు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు మన వీధిలో టపాసులు కాల్చింది నువ్వే. ఆ తర్వాత రెండేళ్లు తిరక్కుండానే జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. చివరికి క్లబ్బే ఊరు వదిలిపోయింది. లీగ్ గెలిచిన క్లబ్బుకే అలా అయితే, నువ్వు వెళ్తున్న చిన్న క్లబ్బు గురించి మీ నాన్న నాలుగు ప్రశ్నలు అడగడంలో తప్పేముంది?

తాతయ్య అభిప్రాయం దాచడం లేదు. నువ్వు కలకత్తా వెళ్లు. ఈ వయసులో దొరికిన పిలుపు ఐదేళ్ల తర్వాత దొరకదు. అయితే డిగ్రీ ఆపొద్దు, దూరవిద్యలో కట్టు. కోటా దరఖాస్తు కూడా పెట్టు. పెట్టినంత మాత్రాన చేరాల్సిన పని లేదు, మీ నాన్న మనసు మాత్రం కుదుటపడుతుంది. హబీబ్ కూడా ఆట మానేశాక జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు నేర్పాడు. ఆ పనికి కావలసిన చూపు ఆడే రోజుల్లోనే అలవడుతుంది. కోచ్ చెప్పింది చేసి ఊరుకోకు. ఎందుకు చెప్పాడో అడుగు, రాత్రికి నోట్‌బుక్‌లో రాసుకో. దెబ్బ తగిలితే దాచకు. ముఖ్యంగా తలకు దెబ్బ తగిలితే జట్టు పది మందితో మిగిలినా సరే, బయటికి వచ్చేయ్. మోకాలి నొప్పికి ఇంజెక్షన్ చేసి ఆడిస్తామంటే ముందు మన డాక్టర్‌కు ఫోన్ చెయ్.

ఒప్పంద పత్రం వచ్చాక ఆవేశంలో సంతకం పెట్టేయకు. ఎన్ని నెలలకు రాస్తున్నారు, జీతం ఏ తేదీకి వేస్తారు, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది, బీమా ఉందా, మధ్యలో వదిలేయాలంటే ఏం చేయాలి, సమాఖ్య దగ్గర ఎప్పుడు నమోదు చేస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. నోటి మాట ఏదీ లెక్కలోకి రాదు. రెండు నెలల జీతం ఎగ్గొడితే పదిహేను రోజుల నోటీసు ఇచ్చి బయటికి వచ్చే హక్కు ఫిఫా నియమాల్లోనే ఆటగాడికి ఉంది. ఆ సంగతి వాళ్లకు తెలుసు. నీకూ తెలుసని వాళ్లకు తెలియాలి.

పత్రం చేతికి రాగానే ప్రతి పేజీ ఫొటో తీసి పంపు. ఇక్కడ తెలిసిన వకీలు ఒకాయన ఉన్నాడు, చూపిద్దాం. వచ్చే ఆదివారం మీ నాన్నను వెంటబెట్టుకుని భోజనానికి రా. ఆయనతో ముందుగా నువ్వు వాదన మొదలుపెట్టకు. ఆ మాట తాతయ్యే ఎత్తుతాడు.

ఇట్లు,
మీ తాతయ్య